దొంగచేతికి తాళం

ఈ వారం వచ్చిన జాబుల్లో ఒకటి మానుకోట సోదరి వ్రాసింది. మహబూబాబాదును ఆ ప్రాంతంవాళ్ళు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. "మావారు అప్పో సప్పో చేసి కారు కొన్నారు. మా ఇల్లు స్టేషను దగ్గర సందులో ఉంది. ఇంట్లో స్కూటరు పెట్టుకునేందుకే చోటు చాలదు. ఇక కారెక్కడ పెడతాం? సందు మొగలో వేపచెట్టు కింద పెడుతున్నాం. రాత్రిపూట కుక్క మొరిగితే చాలు, మావారు టార్చిలైటు పట్టుకుని వెళ్ళి చూసి వస్తున్నారు. కారు వచ్చిన దగ్గరినుంచీ మా ఇంట్లో నిద్ర కరువైపోయింది. సులువైన ఉపాయాలేమైనా ఉంటే చెప్పండి" అని ఆమె అడిగారు.

ఆ జాబు చదివి మావారు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. కారు పోవడమంటే ఏమిటో మా ఇంట్లో ఒకసారి చూశాం. పోయిన కారు తరవాత దొరికింది. దానితోపాటు పోయినది మరొకటి ఉంది. అది ఇంతవరకూ దొరకలేదు. ముందు ఆ సంగతి చెప్పి, తరవాత ఉపాయాలు మనవి చేస్తాను.

మా తమ్ముడు భూపాలపల్లిలో ఉంటాడు. సింగరేణిలో ఉద్యోగం. కొన్నేళ్ళ క్రితం సెకండ్‌హాండులో ఒక కారు కొన్నాడు. కొన్న వారంలోనే కాళేశ్వరం తీసుకువెళ్ళి, గుడిముందు పూజ చేయించి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. ముందువైపు నల్లతాడుతో మిరపకాయలు కట్టాడు. దృష్టిదోషం పోవడానికి చేయవలసినదంతా చేశాడు. దొంగలు రాకుండా చేయవలసినది మాత్రం ఏదీ చేయలేదు.

కారుతో రెండు తాళంచెవులు వచ్చాయి. ఒకటి వరండాలో క్యాలెండరు మేకుకు వేలాడుతూ ఉండేది. రెండోది "అవసరానికి అక్కరకొస్తుంది" అని కారులోనే, డాష్‌బోర్డు అరలో పడేశాడు.

ఆ కాలనీ పక్కనే ఉండే ఒక కుర్రవాడు రోజూ ఉదయం వచ్చి కారు కడిగేవాడు. పంతొమ్మిదేళ్ళుంటాయి. మేకునున్న తాళంచెవి తనే తీసుకునేవాడు, కడగడం అయ్యాక మళ్ళీ తనే తగిలించేవాడు. లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. మా అమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడు పరకాల ఆస్పత్రికి అతనే తీసుకువెళ్ళేవాడు. "అవ్వా, మెల్లగ దిగు" అంటూ చెయ్యి పట్టుకుని దించేవాడు. అమ్మకు వాడంటే మనవడితో సమానం.

ఆ ఏడు కార్తీకమాసంలో నేను తమ్ముడింటికి వెళ్ళాను. ఒకరోజు తెల్లవారుజామున వాకిలి ఊడ్వడానికి తలుపు తీసిన మా మరదలు "కారేది?" అని కేక పెట్టింది. అందరం పరుగెత్తాం. కారు ఉండవలసిన చోట నేలమీద నూనె మరక ఒక్కటే ఉంది.

"తాళంచెవి మేకుకే ఉన్నదక్కా. మరి కారెట్ల పోయింది?" అన్నాడు తమ్ముడు. కాసేపటికి రెండో తాళంచెవి సంగతి గుర్తుకు వచ్చింది. వచ్చాక వాడి ముఖం మరీ పాలిపోయింది. "అది లోపల ఉన్నదని బయటోళ్ళకు ఎట్ల తెలుస్తది?" అన్నాడు.

అప్పుడొక మాట వచ్చింది. ఆ మాట అన్నది నేనే. ఇంకొకరిమీద పెట్టను. "రోజూ కారు కడిగే పిల్లవాడికి తెలుసు గదా?" అన్నాను.

అంతే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని పక్కింటాయన అందుకున్నాడు. ఆ పిల్లవాడు రెండు రోజులుగా కొత్త చొక్కా తొడుక్కుంటున్నాడని ఇంకొకరికి గుర్తుకు వచ్చింది. మధ్యాహ్నానికల్లా వాడి పేరు ఫిర్యాదులోకి ఎక్కింది. పిలిపించి పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు. వాళ్ళమ్మ వచ్చి మా గుమ్మం ముందు నిలబడి, "మా పిలగాడు అసుంటోడు కాదు బిడ్డా" అంది. మేమెవరమూ బదులు చెప్పలేదు. లోపల మంచంమీద మా అమ్మ ఒక్కతే "వాణ్ణి ఎందుకురా పట్టుకపోయిండ్రు?" అని అడుగుతూనే ఉంది.

పద్దెనిమిదో రోజున వేరే జిల్లాలో రోడ్డుపక్కన కారు దొరికింది. పెట్రోలు అయిపోతే వదిలేసి పోయారట. కొన్నాళ్ళకు ఇంకో దొంగతనంలో పట్టుబడినవాడొకడు ఇది కూడా తన పనేనని ఒప్పుకున్నాడు. వాడికి మా తమ్ముడూ తెలియదు, ఆ పిల్లవాడూ తెలియదు. రాత్రిపూట వీథిలో నిలిపి ఉన్న కార్ల తలుపులు ఒక్కొక్కటే లాగి చూసుకుంటూ వచ్చాడు. మావాడి కారు తలుపు తెరుచుకుంది. అర తీసి చూస్తే తాళంచెవి! దొంగచేతికి తాళం ఇచ్చినట్టు అని మనం సామెతగా అంటూంటాం. మా తమ్ముడు నిజంగానే ఇచ్చాడు.

ఈ కథంతా ఎందుకు చెప్పానంటే, కారు దొంగ అనగానే మనం సినిమాలో దొంగను ఊహించుకుంటాం. చేతినిండా పనిముట్లు, కన్ను మూసి తెరిచేలోగా కారు మాయం. అటువంటి ఆరితేరినవాళ్ళూ లేకపోలేదు. 2019 ఏప్రిల్లో హైదరాబాదు గౌలిగూడ బస్‌స్టేషన్లో రాత్రి నిలిపిన ఆర్టీసీ బస్సునే ఎత్తుకుపోయారు. కుషాయిగూడ డిపో బస్సు అది. మహారాష్ట్రలో నాందేడ్ దగ్గర దొరికేసరికి దాన్ని అస్థిపంజరం చేసి పెట్టారు. అంత పెద్ద బస్సే పోగా లేనిది మన కారు ఎంత అనిపిస్తుంది. కాని వీథుల్లో తిరిగే దొంగల్లో చాలామంది అంత శ్రమపడే రకం కాదు. ఎక్కడ సులువుగా దొరికితే అక్కడ చెయ్యి పెడతారు. రెండు నిమిషాలు ఆలస్యమవుతుందంటే పక్క కారు దగ్గరికి పోతారు. మనం చేయవలసినదల్లా ఆ రెండు నిమిషాల ఆలస్యం కల్పించడమే.

దీనికొక మంచి ఉదాహరణ ఉంది. పశ్చిమ జర్మనీలో 1980లో, హెల్మెట్టు లేకుండా మోటారుసైకిలు నడిపితే అక్కడికక్కడే జరిమానా వేయడం మొదలుపెట్టారు. అది తలలు కాపాడడానికి పెట్టిన నియమం. తీరా చూస్తే, ఆ ఏడు లక్షన్నర దాకా ఉన్న మోటారుసైకిలు దొంగతనాలు 1986 నాటికి 54 వేలకు దిగాయి. కారణం ఏమిటంటారా? దారినపోతూ చటుక్కున బండి ఎత్తుకుపోయేవాడి దగ్గర హెల్మెట్టు ఎక్కడినుంచి వస్తుంది? ఉత్తతలతో బయలుదేరితే పోలీసు ఆపుతాడు. ఆ చిన్న చిక్కుకే అంతమంది వెనక్కి తగ్గారు!

ఇక ఉపాయాలు. అన్నిటికంటె ముందు తాళంచెవి సంగతి. కారుకు ఎన్ని తాళంచెవులున్నాయో, ఏది ఎవరి దగ్గర ఉందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ఒకటి వాడకానికి, రెండోది బీరువాలో. కారులో మాత్రం ఎప్పుడూ వద్దు. వరండా మేకుకూ వద్దు, కిటికీ గూట్లోనూ వద్దు. జనగామలో మా కారు తాళంచెవికి పక్కనే ఉన్న పెంబర్తిలో కొన్న ఇత్తడి బిళ్ళ కట్టాను. బరువుగా ఉంటుంది గనుక ఎక్కడ పెట్టినా తెలుస్తుంది. ఆ బిళ్ళమీద కారు నంబరుగాని, ఇంటి చిరునామాగాని వ్రాయకండి. పారేసుకున్నప్పుడు అది దొంగకు దారి చూపుతుంది. మెకానిక్కుకు కారు ఇచ్చేటప్పుడు ఇంటి తాళాల గుత్తితో సహా ఇవ్వవద్దు. పాత కారు కొనేవాళ్ళు రెండు తాళంచెవులూ అడిగి తీసుకోవాలి. ఒకటే ఇస్తే, రెండోది పనిచేయకుండా కంపెనీ వర్క్‌షాపులో రద్దు చేయించుకోవడం మంచిది.

ఇప్పటి తాళంచెవులు వట్టి ఇనుపముక్కలు కావు. లోపల చిన్న చిప్పు ఉంటుంది. అది కారుతో గుట్టుగా మాట్లాడి, సరైన సంకేతం చెబితేనే ఇంజను నడుస్తుంది. ఇమ్మొబిలైజరు అంటారు దాన్ని. యూరపులో 1998 నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు. దానివల్ల కార్ల దొంగతనాలు బాగా తగ్గాయి. కాని అసలు తాళంచెవే అరలో పెట్టి పోతే ఆ చిప్పు ఏంచేస్తుంది? దొంగను యజమాని అనుకుని దారి ఇస్తుంది.

బొత్తాం నొక్కితే కదిలే కార్లకు మరొక బెడద ఉంది. ఇంట్లో ఉన్న తాళంచెవి సంకేతాన్ని యంత్రంతో పట్టి, వీథిలో ఉన్న కారుకు అందించే దొంగలు వచ్చారు. రాత్రిపూట ఆ చెవిని మూత గట్టిగా పడే లోహపు డబ్బాలో పెట్టండి. అన్ని డబ్బాలూ ఆ సంకేతాన్ని ఆపలేవు. డబ్బాతో సహా కారు పక్కకు వెళ్ళి తలుపు తెరిచి చూడండి. తెరుచుకుంటే డబ్బా మార్చవలసిందే.

రెండోది, దిగేటప్పటి అలవాటు. "రెండు నిమిషాల్లో వస్తా" అని ఇంజను నడుస్తుండగానే దిగి, టీ తాగి వచ్చేవాళ్ళను మా ఆర్టీసీ చౌరస్తాలో రోజూ చూస్తూంటాను. డ్రైవరు సీటులో లైసెన్సున్న మనిషి లేనప్పుడు ఇంజను ఆపి, బ్రేకు వేసి దిగాలని 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షనులోనే ఉంది. అద్దాలు పైదాకా ఎత్తండి. తాళంచెవి తీశాక స్టీరింగును కాస్త తిప్పితే టక్కుమని బిగుసుకుంటుంది. ఆ చప్పుడు వినిగాని దిగకండి. రిమోటు నొక్కాం గదా అని నడిచిపోకుండా, తలుపు ఒకసారి లాగి చూడండి. మా తమ్ముడు ఆ రాత్రి లాగి చూడలేదు.

మూడోది, కంటికి కనిపించే తాళం. స్టీరింగుకు అడ్డంగా వేసే ఇనుపకడ్డీ, గేరుకు వేసే తాళం రెండూ బజారులో దొరుకుతాయి. ఇవి వేసి ఉన్నాయని అద్దంలోంచి చూడగానే తెలియాలి. పశ్చిమ జర్మనీలో 1960 దశకం మొదట్లో కొత్త కార్లకూ పాత కార్లకూ కూడా స్టీరింగు తాళం తప్పనిసరి చేశారు. దొంగతనాలు తగ్గిపోయాయి. బ్రిటన్‌లో 1971 నుంచి కొత్త కార్లకు మాత్రమే పెట్టించారు. దొంగలు పాత కార్లమీద పడ్డారు! సెకండ్‌హాండు కారున్న మనబోటివాళ్ళు గమనించవలసిన సంగతి ఇది. ఆమోదం పొందిన రక్షణ సాధనం పెడితే ఇన్సూరెన్సు ప్రీమియంలో కొంత తగ్గించే పద్ధతి కూడా ఉంది. మీ ఏజెంటును అడగండి.

నాలుగోది, చోటు. మానుకోట సోదరికి ముఖ్యంగా చెప్పవలసింది ఇదే. అమ్మా, వేపచెట్టు నీడ పగలు కారుకు మంచిది, రాత్రి దొంగకు మంచిది. రాత్రిపూట చెట్టుకింద కాకుండా వీథిదీపం కింద, ఎవరో ఒకరి కిటికీకి ఎదురుగా పెట్టించండి. ఆ ఇంటివాళ్ళతో ఒక మాట చెప్పి ఉంచండి. కారు ముందుభాగం గోడవైపు తిప్పి, గేరులో ఉంచి, చక్రాలు పక్కకు మళ్ళించి ఆపితే బయటికి తీయడానికి కొంత కసరత్తు కావాలి. కురవి వీరభద్రస్వామి శివరాత్రి జాతరకో, మేడారానికో వెళ్ళినప్పుడు నాలుగడుగులు ఎక్కువ నడిచినా సరే, కాపలా ఉన్న చోటనే పెట్టండి. ఇచ్చిన చీటీ మీ దగ్గర ఉండాలి. కారులో పెట్టిపోతే అది దొంగకు పనికివచ్చే చీటీ అవుతుంది.

అయిదోది, లోపలి సామాను. సీటుమీద సంచీ కనిపిస్తే అందులో పాత చీరెలున్నాయో, పెళ్ళినగలున్నాయో దొంగకు తెలియదు. అద్దం పగలగొట్టాకనే చూస్తాడు. సామాను డిక్కీలో పెట్టదలిస్తే బయలుదేరేచోటనే పెట్టుకోండి. ఆపినచోట దిగి, పదిమంది చూస్తుండగా సర్దకండి. "నోట్లు కింద పడ్డాయమ్మా", "ఇంజను నుంచి నూనె కారుతోంది సార్" అని ఎవరైనా చెబితే, ముందు తాళంచెవి చేతిలోకి తీసుకుని, తలుపులన్నీ వేసి, ఆ తరవాతే కిందికి చూడండి. అసలు కాగితాలు ఇంట్లోనే ఉంచండి. డిజిలాకరులో చూపించే లైసెన్సు, ఆర్.సి. చెల్లుతాయని 2018లోనే కేంద్రం చెప్పింది.

డబ్బు పెట్టగలిగినవాళ్ళు కారు ఎక్కడుందో ఫోనులో చూపించే జి.పి.ఎస్. పరికరం పెట్టించుకోవచ్చు. పెట్రోలు పంపుకు రహస్యపు స్విచ్చి పెట్టే ఎలక్ట్రీషియన్లూ ఉన్నారు. కొత్త కారైతే వైర్లు కోయించే ముందు వారంటీ సంగతి కనుక్కోండి.

ఇంత చేసినా పోతే? వెంటనే 100కో, 112కో ఫోను చేయండి. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. భూపాలపల్లిలో కారు పోయిన జనగామవాళ్ళు అక్కడికే పరుగెత్తనక్కరలేదు. అదేరోజు ఇన్సూరెన్సు కంపెనీకీ తెలియజేయండి. రెండు తాళంచెవులూ చూపమంటారు, జాగ్రత్త! మా తమ్ముడికున్నది థర్డ్ పార్టీ పాలసీ. దొంగతనానికి అది పైసా ఇవ్వదు. ఆ పద్దెనిమిది రోజులూ వాడికి అన్నం సహించలేదు. ఫాస్టాగును తొందరపడి ఆపించకుండా ముందు పోలీసులతో చెప్పండి. వరంగల్లు రోడ్డుమీద కోమళ్ళ టోలుగేటు దాటితే మీ ఫోనుకు వచ్చే కబురే కారు జాడ చెబుతుంది.

ఇంకొక్క మాట. ఫిర్యాదులో మీరు చూసినదీ, మీకు తెలిసినదీ చెప్పండి. ఇంట్లో కాఫీలు తాగుతూ అనుకున్న అనుమానాలను తెలిసిన సంగతులతో కలిపి చెప్పకండి.

తాళంచెవిని అందరికీ అందేటట్టు పెట్టుకోవడం మా తమ్ముడికి మంచితనంగా కనిపించేది. "మనవాడేగదా, దాచేదేముంది?" అనేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే తోస్తోంది, ఆ మేకు ఆ పిల్లవాడికే అన్యాయం చేసింది. రోజూ మరదలు తన చేత్తో తాళంచెవి ఇచ్చి, కడగడం అయ్యాక పుచ్చుకుని ఉంటే, రెండోది బీరువాలో ఉండి ఉంటే, ఆనాడు వాడి పేరెత్తడానికి నాకు నోరు వచ్చేది కాదు. తాళం జాగ్రత్తగా ఉన్న ఇంట్లో పనివాళ్ళకు కూడా భద్రత ఉంటుంది.

కారు దొరికాక తమ్ముడూ నేనూ ఆ పిల్లవాడింటికి వెళ్ళాం. వాళ్ళమ్మ మంచినీళ్ళిచ్చింది. "తప్పయిపోయింది" అన్నాను. "ఏం కాదక్కా, ఎవరికైనా అనుమానం వస్తది" అన్నాడు. కాని కారు కడగడానికి మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకు గోదావరిఖనిలో పని చూసుకుని వెళ్ళిపోయాడు.

పోయిన దసరాకు ఊరికి వచ్చినప్పుడు మా అమ్మను చూడడానికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే ఆమెకు ఆయాసం ఎక్కువైంది. తమ్ముడు కంగారుగా బీరువా తీసి, తాళంచెవి తెచ్చి వాడికి ఇవ్వబోయాడు. వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నువ్వు నడుపన్నా. నేను అవ్వను పట్టుకుంట" అన్నాడు.